నొక్కు

బ్రాడీపేట నాలుగో లైన్లో మా కొట్టు.
దేవుళ్ళకి బంగారు రంగు అంచు, పోయినవాళ్ళకి నలుపు.
సువార్తమ్మ మేడం తెచ్చిన మూడు కాయితాలకి
ఏ అంచు వేయాలో తెలియలేదు.

కాలేజీ లాబ్ ఖాళీ చేసి చిత్తుకి వేస్తుంటే
కాటా మీంచి లాక్కొచ్చారట.
"ఆస్ట్రేలియా పూలు, వలీ. రెండొందల ఏళ్ళ నాటివి.
రాగిరేకు మీద చెక్కి, అచ్చు తీసి,
ఆ మీదట ఒక్కోదానికీ చేత్తో రంగు వేశారు."

మొదటిది సీసాలు కడిగే బ్రష్షు.
పువ్వంటే నమ్మబుద్ధి కాలేదు.
ఎరుపు ఒకచోట గీత దాటింది.
రంగు వేసే పిల్లకి ఆ పొద్దు కునుకొచ్చి ఉంటుంది.
ఆ పిల్ల ఆ చెట్టును చూసి ఉండదు,
చెక్కినవాడూ చూసి ఉండడు.
ఓడలో వడిలి వచ్చిన కొమ్మనే
బతికించి చెక్కాడు.
నేనూ అంతేగా,
వేలెడంత పాస్‌పోర్టు ఫొటోలోంచి
మనిషిని గోడంత చేసి
పెదాలకి కాస్త రంగు పూయిస్తాను.

రెండోదాన్ని వెండిపురుగు తింది.
పేరు పోయింది, పువ్వు మిగిలింది.
మేడం దాన్నే ఎక్కువసేపు చూశారు.

మూడోది జామాయిల్!
"ఇది మనదేగా మేడం?"
తొక్క తీసిన దుంగల లారీలు,
జలుబు చేస్తే అమ్మ రుమాలుకి అద్దిన నూనె.
ఎక్కడిదని ఏనాడూ అడగలేదు.
"మొగ్గ చూడు. దీనికి విచ్చుకునే రేకులుండవు, టోపీ ఉంటుంది.
పూయాలంటే అది ఊడిపోవాలి."
నా చెయ్యి దానంతటదే నెత్తి మీదికి పోయింది.

"ఈ నొక్కు మాత్రం మూయకు"
అని కాయితాన్ని వెలుతురుకి వాల్చారు.
బొమ్మ చుట్టూ పల్లంగా నాలుగు పలకల గుర్తు,
చాప మీంచి లేచాక చెంప మీద మిగిలే అచ్చులాగా.
వేలు పెట్టాను.
ఎవడో ఒళ్ళంతా బలం చేసుకుని మర తిప్పాడు.
ఆ బలం ఇంకా అక్కడే ఉంది.

టేకు వేశాను, రంగు లేకుండా.
అద్దం తుడిచి, మేకులు కొట్టేశాక కనబడింది.
జామాయిల్ కింద, చీల్చిన కాయలూ గింజలూ వరసగా గీసిన చోట
ఒక మిరపగింజ.
యార్డు నుంచి వచ్చిన హమాలీ చొక్కాదో,
నా మధ్యాహ్నపు కారేజీదో.
పీకుతానన్నాను.
కళ్ళజోడు తుడుచుకుని వంగి చూశారు మేడం.
"ఉండనీ. అదీ ఓడ దిగిందే."

రసీదు పుస్తకంలో
'పటం ఎవరిది' అని ఒక గడి ఉంటుంది.
కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.