మనామా, ప్రణాళికా శాఖ

దొరలు వెళ్ళారు, బీరువా తాళాలు ఇచ్చి.
ఒక తాళం దేనిదో ఇప్పటికీ తెలియదు.

పాత ఫైళ్ళ వెనకవైపు ఖాళీయే కదా,
అక్కడే మొదటి ప్రణాళిక గీస్తున్నాను:
రేవు, ఆసుపత్రి, ఉప్పు తీసిన నీళ్ళు.
కాగితాన్ని వెలుతురుకి ఎత్తితే
సరిగ్గా ఆసుపత్రి మీద
కిరీటం నీటిగుర్తు.

మా ఊరి వంతెన రెండో ప్రణాళికలో ఉంది.
నాలుగోది నడుస్తోంది,
బల్లకట్టూ నడుస్తోంది.

టీ తెచ్చే ఖల్ఫాన్
ఒకప్పుడు ముత్యాలకి మునిగేవాడు,
తండ్రి చేసిన అప్పుకి ఊపిరి బిగబట్టి.
పటం మీదికి వంగి అడిగాడు:
"ఇందులో సముద్రం ఎక్కడ?"

నీలం సిరా అయిపోయిందన్నాను.
నిజానికి అక్కడ పూడ్చి రోడ్డు వేస్తున్నాం.

గ్లాసు పెట్టి వెళ్ళాడు.
తడి వలయం రేవు మీద.
అద్దుడు కాగితం తీశాను గానీ
వెంటనే అద్దలేదు.