నాలుగో గడి

సోహార్ క్యాంపులో నెలాఖరు రాత్రి.
ఏసీ నీళ్లు బకెట్లో చుక్క చుక్క.
మూడు వందల పద్నాలుగు వరుసల ఫైలు,
నా ఒక్క లైను స్క్రిప్టు:
నాలుగో గడి తీసుకో, కలుపుతూ పో, చివర చెప్పు.
రెప్ప వేసేలోగా చెప్పేసింది.

పొద్దున రాజమల్లు వచ్చి నిలబడ్డాడు
సిమెంటు ఆరిన వేళ్లు మడుస్తూ.
"నాలుగు శుక్రారాలు చేసిన సారూ,
ఓటీ యాడవోయింది?"
మిషన్ తప్పు చెయ్యదన్నాను.
అన్నాకే ఫైలు తెరిచాను.

ఆ నాలుగు రోజులూ ఫోర్‌మన్ హమ్దీ
ఫోన్‌లో కొట్టి పంపాడు, తన అరబ్బీ అంకెల్లో.
చిన్న గుండ్రం. నా కంటికి సున్నా,
అతనికి అయిదు.
స్క్రిప్టుకి అదసలు అంకే కాదు.
చదవరానిదాన్ని సున్నా కింద మింగి
నోరు మెదపకుండా కింది వరుసకు పోయింది.

రాజమల్లు కణుపుల మీద
ఇరవై దగ్గర బొటనవేలు ఆపి
అలాగే నిలబడి ఉన్నాడు.

అంకెలు మార్చే ముక్కొకటి అతికించాను.
మళ్లీ నడిపాను.
మొత్తం పెరిగింది.

పాత నెలల ఫైళ్లు
ఇంకా తెరవలేదు.
పదకొండున్నాయి.