ఉప్పు బాకీ

కాలవ కట్టేసిన నెల.
లాకుల పక్క రేకుల షెడ్డులో వీరవేణి
అలిసిపోయిన ఆటో బ్యాటరీ పొట్ట విప్పింది.
లోపల నూటనాలుగు సెల్లులు,
నీలం చొక్కాల బడిపిల్లలు.
మీటరు పుల్ల ఆనించి ఒక్కోదాన్నే అడుగుతుంది:
ఉన్నావా?
మూడూ పాయింటారు పలికినవి ఈ బుట్టలోకి.
పలకనివి అటు.

"చెరువుగట్టున పారేస్తే పోదా?" అన్నాడు
పాతసామాన్ల సుభాను.

ఆమె తలెత్తలేదు.
"మా నాన్న సంద్రం అంచున ఉప్పుమడి చేశాడు.
అరికాళ్ళు పగిలి, ఆ పగుళ్ళలోకి ఉప్పు దిగేది.
ఇదీ ఉప్పే, సుభానూ.
వాన మొహం ఎరగని ఏ ఎడారిలోనో
మడి కట్టి, ఏడాదిపైన ఎండబెట్టి
ఎవడో పారతో లాగినది.
వాడి ఊరి చెలమ అడుగంటిందేమో, మనకేం తెలుసు.
ఆ ఉప్పు తినే కదా నీ ఆటో
నాలుగేళ్ళు నరసాపురం, పాలకొల్లు తిరిగింది."

సుభాను గడ్డం గోక్కున్నాడు.
కాలవ బురదకేసి చూశాడు.

బతికున్న ముప్ఫై ఆరూ కలిపి కట్టింది,
రొయ్యల చెరువు కాపలా గుడిసెలో దీపానికి.
మిగతావి ఇసక డబ్బాలో సర్దింది.
మంగళవారం లారీ వస్తుంది,
నల్లపొడి చేసి మళ్ళీ ఉప్పు తీసే ఫ్యాక్టరీది.

కాటా మూడు కిలోలంది.
బాకీ ఎంతో అనలేదు.