దక్షిణం హద్దు

గుంటూరు రిజిస్ట్రారాఫీసుకి ఎదురుగా
జిరాక్సు షాపుకీ గోలీసోడా బండికీ మధ్య
నాలుగడుగుల బల్ల నాది.
ముప్పై ఏళ్లు టైపుమిషను కూర్చున్న గాట్లు
దాని మీద ఇంకా ఉన్నాయి.
ఇప్పుడా గాట్ల మీదే లాప్‌టాప్.

కర్సరంటే ఏముంది,
వెలుగుతూ ఆరుతూ నిలబడే సన్నటి గీత.
పెట్టినచోట ఉండాలి.
ఆషాఢం నుంచీ ఇది ఉండటం మానేసింది.
తూర్పు హద్దు కొడుతున్నానా,
రెప్పవేసి తీసేలోపు
నాలుగు వరసలు పైకెగిరి
అమ్మకందారు పేరులో దూరేది.
పోపూరి అనే ఇంటిపేరు నడిమధ్య
ఒకరోజు పంటకాలువ పారింది.

మిరపకోరు పడిందన్నాడు సోడాబండి అంజి.
వైరసన్నాడు జిరాక్సు సుభానీ.
ఊదాను, దులిపాను,
ఐదొందలు పోసి మౌసు కొన్నాను.
మా ఆవిడ దర్గా నుంచి తాయెత్తు తెచ్చి
మూత మూలకి కట్టింది.
గీత ఎగురుతూనే ఉంది, తాయెత్తూ ఊగుతూనే ఉంది.

అప్పుడొచ్చింది పున్నమ్మగారి పంపకాల దస్తావేజు.
పెద్దకోడలి వాటాలో ఉండాల్సిన బోరు
గట్టు దాటి
చిన్నకోడలి పొలంలోకి నడిచెళ్లింది.
నేను చూసుకోలేదు.
చదివి వినిపిస్తుంటే
చూపు ఆనని పున్నమ్మగారు చెయ్యెత్తి
"ఆగు మస్తానూ,
ఆ బోరులో నీళ్లు పడిననాడు నా చీర తడిసింది.
అదెక్కడుందో నాకు తెలీదా?"

పెద్దకోడలు నోరు తెరవలేదు.
నావైపు చూసిందంతే.
ఎంత ముట్టింది నీకు, అని.
ముప్పై ఏళ్లలో ఎవరూ అడగని మాట
వెంట్రుకంత గీత అడిగించింది.

అరండల్‌పేట రిపేరు షాపు నుంచి
ఎస్తేరు వచ్చింది, మా చిన్నదాని ఈడు పిల్ల.
స్క్రూడ్రైవరు సంచిలోంచి తియ్యనే లేదు.
"మీ పని మీరు చేసుకోండి బాబాయ్, నేను చూస్తా."
చూసింది,
మిషన్ని కాదు, నా చేతుల్ని.
రెండు పేరాలయ్యాయి. ఆమె టీ చల్లారింది.
"ఇదిగో" అంటూ
నా ఎడమ బొటనవేలి కుదురు మీద వేలు పెట్టింది.
"అలిసినప్పుడల్లా ఇది జారి టచ్‌ప్యాడ్‌ని తాకుతోంది.
పిలిచారనుకుని
అక్కడికి పరిగెడుతోంది పాపం."

పాపం, అంది దాన్ని. నన్ను కాదు.

బ్రాడీపేట ఇన్‌స్టిట్యూట్‌లో మాస్టారు
మా మణికట్ల కింద
చెక్కిన పెన్సిలు నిలబెట్టేవాడు.
వాలితే గుచ్చుకునేది.
ఆ ఇనప మిషను దగ్గర
ఆనుకోడానికి చోటే ఉండేది కాదు.
ఈ నున్నటిదాని మీద
నా చేతులు ఎప్పుడు వాలాయో
నాతో చెప్పలేదు.

ఎస్తేరు సెట్టింగుల్లోకి వెళ్లి
తడితే క్లిక్కయ్యేదాన్ని ఆపేసింది.
టైపు కొడుతున్నంతసేపూ టచ్‌ప్యాడ్ నిద్రపోవాలంది.
మౌసు తగిలిస్తే అసలు లేవనే కూడదంది.
పది నిమిషాలు.
రెండొందలిస్తే వంద వెనక్కిచ్చి,
తాయెత్తు విప్పకండి, బాగుంది, అని
సైకిలెక్కింది.

సాయంత్రానికి బోరు
తన పొలానికి తిరిగొచ్చింది.
పున్నమ్మగారు రెండుసార్లు చదివించుకుని
వేలిముద్ర వేశారు.
పెద్దకోడలు సంతకం పెట్టింది.
పెడుతూ పెడుతూ మళ్లీ
నా చేతుల వంకే చూసింది.

వాళ్లెళ్లాక
ఇంకెవరిదో స్థలం, ఐదు సెంట్లు.
మణికట్లు ఎత్తే ఉంచాను, నొప్పిగానే ఉంది.
తూర్పు అయింది.
దక్షిణం దగ్గర
వెలుగుతూ ఆరుతూ
ఉన్నచోటే ఉంది గీత.
కాసేపు ఏమీ కొట్టకుండా
దాన్నే చూస్తూ కూర్చున్నాను.