తరుగు

ఇరవై రెండేళ్ళు ధాన్యం గోదాము దగ్గర
లారీలు తూచాను నేను.
నిండు బండి బరువులోంచి ఖాళీ బండి బరువు,
ఆపైన తేమకింత, తాలుకింత తరుగు తీసి
మిగిలింది చీటీ మీద రాసిచ్చాను.
ఒక కౌంటీని తూచడం ఇదే మొదలు.

వెండెల్‌కి మాత్రం కనుమ దాటగానే కళ్ళు నిండిపోయాయి.
కారు దిగి టోపీ తీశాడు,
చర్చిలో కూడా తియ్యడం మరిచిపోయే మనిషి.
"ఇక ఎవడి కరెంటూ వద్దు మనకి, ఎవడి సరుకూ వద్దు"
అన్నాడు లోయకేసి చూస్తూ,
లోయ అప్పుడే తన పేర రాసేసినట్టు.

నేను చీటీ తీశాను.
నలభై ఎకరాలు. అందులో ముప్పయ్యొకటి నిటారు.
నేల గడ్డకట్టని రోజులు ఏడాదికి అరవై ఎనిమిది,
అంటే మొక్కజొన్న మీద ఆశ వదులుకోవడమే,
టమాటాలు పండకముందే పచ్చడికి.
వాగుంది. వాగు మీద ముందు హక్కు
దిగువన పశువులవాళ్ళది, తాతలనాడు రాయించుకున్నది.
ఎండిన ఆగస్టులో ఆ నీళ్ళు
మన పొలం గుండానే నడిచిపోతాయి
మనల్ని పలకరించకుండా.
ఒక్క చలికాలానికి ఎనిమిది బండ్ల కట్టెలు.
వెండెల్ నడుముకి రెండు ఆపరేషన్లు.
ఈ రెండంకెలూ పక్కపక్కన రాయడానికి చెయ్యి రాలేదు.
ఆసుపత్రి తొంభై నాలుగు మైళ్ళు, కనుమ తెరిచి ఉంటే.
మూసేస్తే ఎన్నని రాయాలో తోచక
ఖాళీ వదిలాను.

ఆ ఖాళీ మీదే వేలు పెట్టింది ఆర్డిత్ ట్వీడీ,
పక్క పొలం ముసలావిడ, మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు.
"నా రెండో కాన్పు ఇక్కడే అయింది" అంది.
అంతకుమించి చెప్పలేదు. మేం అడగలేదు.

"ఎవరి మీదా ఆధారపడకుండా బతికారు కదా మీరు"
అని వెండెల్ అంటే నవ్వలేదు.
కట్టెల కొట్టం తలుపు తీసి లోపలివైపు చూపించింది.
తలుపు నిండా సుద్దరాతలు:
ప్రూయిట్‌కి రంపం, మూడు రోజులు.
నెట్టీకి మేకపాలు, పిల్లాడి దగ్గు తగ్గేదాకా.
లూథర్ మన కప్పు మీద మంచు తోడినందుకు
మనం వాడికి ఒక రోజు.
లూథర్ పోయి ఆరేళ్ళట. గీత చెరపలేదు.
"ఎవరితోనూ పని లేదనుకుని వచ్చినవాళ్ళు
రెండో మార్చికల్లా అమ్మేసుకుంటారు" అంది.
"చలికి కాదు."

బయల్దేరుతుంటే కిటికీలోంచి
నా ఒళ్ళో ఒక కాగితం సంచి పడేసింది,
ఏడు విత్తనం దుంపలు.
"వస్తే పద్నాలుగు తిరిగివ్వండి.
రాకపోతే వండుకు తినండి."

ఇంటికి రాగానే తూచాను, అలవాటు ఊరుకోదు:
పౌనున్నర మీద కాస్త మొగ్గు.
మూడు వారాలాగి మళ్ళీ తూస్తే ముల్లు వెనక్కొచ్చింది.
తోలు ముడతలు పడింది.
కళ్ళలోంచి పాలిపోయిన మొలకలు
అలమర చీకట్లో సంచి మూతిని తడుముకుంటున్నాయి.

సాయంత్రం వెండెల్ అలమర తెరుస్తాడు,
ఒక ఉల్లిపాయ తీసుకుని మూసేస్తాడు.
దుంపల మాట ఎత్తడు.
నేనూ ఎత్తను.