ఉత్తర చూసి

మఖ అంతా ఎండే కాసింది.
మిర్చి యార్డు వైపు నుంచి గాలి తిరిగినప్పుడల్లా
నేనూ, నా కుట్టుమిషనూ, కిటికీ కింది పచ్చికా
ముగ్గురం తుమ్మేవాళ్ళం.

పచ్చికంటే ఎంతనుకున్నారు?
టేపు పెట్టి కొలిచాను, పన్నెండడుగులకి తొమ్మిది.
చీరన్నర పరిస్తే సరి.
కోరెటిపాడులో ఈ వాటా అద్దెకిచ్చిన రోజు
నీళ్ళ మోటారుతో పాటు నాకంటగట్టిన నేల.

పుబ్బలో వాన పడింది.
తెల్లారేసరికి గరికని తోసుకుంటూ తుంగ.
కాలేషా వచ్చాడు సైకిలు మీద,
హ్యాండిలుకి కొడవలి, వెనక గోనెసంచి.
"పైన కోస్తే పగబడతదమ్మా, గడ్డ తియ్యాల" అని
గొంతుక్కూర్చున్నాడు.
ఒక్కో తుంగ కింద ఒక నల్లపూస,
పూసకి దారం, దారం చివర ఇంకో పూస.
తప్పు కుట్టు నేను విప్పేదీ ఇలాగే.
పైదారం లాగితే లాభం లేదు,
బాబిన్ దారం దొరకాలి.
మధ్యాహ్నం దాకా
అతను నేలా, నేను ఎవరిదో జాకెట్టూ
విప్పుతూ కూచున్నాం.

చవితి ముందురోజు వీధి పిల్లలు గోడ దూకారు.
జామచిగుళ్ళు, గన్నేరు కొమ్మలు,
దేనికి పనికొస్తుందో తెలియని తీగ ఒకటి,
గుప్పెళ్ళతో గరిక.
తిట్టబోయి ఆగాను.
వారం తిరక్కుండా
విరిచిన ప్రతిచోటా రెండేసి చిగుళ్ళు!
కత్తిరింపుకి కూలి
ఉండ్రాళ్ళతో సరిపోయింది.
బొమ్మని బకెట్లో నిమజ్జనం చేశాం,
ముందు తొండం కరిగింది.
"బంకమట్టమ్మా, పారబొయ్యమాకండి" అన్నాడు కాలేషా.
బంతి మొక్కల మొదట్లో పోశాను.

ఉత్తర మూడో రోజు
ఓనరు ప్రభాకరం గారు పచ్చిక నడిమధ్యకొచ్చి
చెప్పులతోనే నిలబడ్డారు.
"మావాడు కారు కొంటున్నాడు.
దసరా వెళ్ళాక టైల్స్ వేయిస్తా."
నా టేపే అడిగి తీసుకుని
వంగి అటూ ఇటూ కొలుచుకున్నారు.
"కుట్టించినట్టు సరిపోద్ది!"
మంచి మాటే అన్నాననుకున్నారు.

ఆ సాయంత్రమూ నీళ్ళు పట్టాను.
ఎందుకంటే ఏం చెప్పను,
చేతికి ఆ వేళయింది.

కాలేషా విని
కాసేపు సైకిలు చైనుకేసి చూశాడు.
"ఉత్తర చూసి ఎత్తర గంప అన్నారు గదమ్మా,
ఎత్తుదాం."
వాన మొహం చాటేసిన ఏడు
ఊరొదిలే రైతు మాట అది.
ఇతనేమో జల్లు పడుతుండగా అన్నాడు.

పలుగు చివరతో గీతలు గీసి,
కటింగ్ బల్ల మీద గుడ్డలా
అడుగు చదరం, అడుగు చదరం.
వేళ్ళకి మట్టి అంటించుకునే లేచింది ప్రతి ముక్కా.
తడిగోనెలో చుట్టి నాలుగు ట్రిప్పులు
నల్లచెరువు వైపు తొక్కాడు.
మనవరాలి ఉర్దూబడిలో కుళాయి దగ్గర
పిల్లలు జారిపడే బురద ఉందట.

ఒక ముక్క నాకుంచాడు.
అంచు విరిగిన టబ్బులో, మెట్టు మీద.
ఆదివారం దానికి నా పెద్ద కత్తెరతో క్షవరం.
బట్ట తప్ప మరోటి కొయ్యనని
కుట్టు నేర్పిన దీనమ్మగారికి ఒట్టేసిన కత్తెర.
ఇరవై రెండేళ్ళు నిలిచింది ఆ ఒట్టు.
అడుగు గరికకి ఓడిపోయింది.

ఇప్పుడు హస్త.
ఎండ లైనింగు గుడ్డంత పలచన.
నీళ్ళు తగ్గించాలి, రోజు మార్చి రోజు చాలు.
బంతిమొగ్గలు కుండీల్లో గట్టిగా,
నొక్కుడు గుండీల్లా ఉన్నాయి.
కిటికీ కింద బోడినేల.
మిషను తొక్కుతూ అటు చూడకుండా ఉండటం
ఇంకా అలవాటు కాలేదు.

మొన్న గేటు దగ్గర సైకిలాపి చెప్పాడు కాలేషా.
నలభై ముక్కల్లో ముప్పై బతికాయట.
మిగతా పదింటి చోట
గోళీలాడుతున్నారట.