రెండో లైను

కొత్తపేటలో మందుల షాపు, కౌంటరు వెనక నేను.
నాలుగేళ్లుగా ఈ గాజుబల్ల మీద
గొంతు తగ్గించి అడిగిన వాళ్లందరికీ
గొంతు తగ్గించే చెప్పాను:
డెబ్బై రెండు గంటల లోపమ్మా,
ఎంత ముందు వేసుకుంటే అంత మంచిది.
పేపర్లో చుట్టి, నల్ల కవర్లో పెట్టి
కళ్లలోకి చూడకుండా ఇచ్చేదాన్ని.

ఆ ఆదివారం బాజీ వచ్చాడు.
యార్డులో మిరప బస్తాలు మోసిన చేతులు.
కొబ్బరినూనె రాసి మూడుసార్లు కడుక్కున్నాడు,
నాకు మంట పుట్టకూడదని.
అంత జాగ్రత్త ఉన్నవాడు
ఇంకో జాగ్రత్త మర్చిపోయాడు.
వాడొక్కడే ఏంటిలే,
డబ్బాలకు డబ్బాలు అమ్మే నేను మర్చిపోలేదా?

"బయటే కదా" అన్నాడు గుండీలు పెట్టుకుంటూ.
బయటే అన్న మాట మీద పుట్టినవాళ్లు
ఈ ఊళ్లో ఎంతమందో వాడికేం తెలుసు.
మా తమ్ముడొకడు.

రాత్రి మందుల కంపెనీ క్యాలెండరు దించి లెక్క వేశాను.
పద్నాలుగో రోజు అంటుంది పుస్తకం.
పుస్తకంలో ఆడదానికి నెలంటే ఇరవై ఎనిమిది.
నాకు ముప్పై ఒకటి.
వెనక నుంచి పద్నాలుగు తీసేస్తే పదిహేడు.
ఆదివారం పదమూడు.
నాలుగు రోజుల దూరం ఉందిలే అని
ఊపిరి వదలబోయి ఆగాను.
అవి ఐదు రోజుల దాకా బతుకుతాయి లోపల,
కోల్డ్ స్టోరేజీలో బస్తాల్లా
ధర వచ్చేవరకూ కాచుకుని.

వందలో ఎంత?
పదా, ఇరవయ్యా?
వందమంది ఆడవాళ్లను వరసగా నిలబెట్టి చెప్పే లెక్క అది.
నేను ఒక్కదాన్ని.
నాకు ఉంటే నూరు, లేకపోతే సున్నా.

మా షాపులో తీసుకోలేకపోయాను.
ఓనరుగారు స్ట్రిప్పు స్ట్రిప్పూ లెక్కపెడతారు.
సోమవారం మధ్యాహ్నం
స్కార్ఫు కట్టుకుని అరండల్‌పేట వెళ్లాను.
ఆ కౌంటరు కుర్రాడు
నాకు కంఠతా వచ్చిందే చెప్పాడు, గొంతు తగ్గించి.
పేపర్లో చుట్టాడు. నా కళ్లలోకి చూడలేదు.
నల్ల కవరు ఎంత బరువుంటుందో
అప్పుడు తెలిసింది.

పందొమ్మిదో గంటలో మింగాను.
మందు కూడా మాట ఇవ్వదు.
అండం ఇంకా బయల్దేరకపోతే ఆపుతుంది,
బయల్దేరితే చూస్తూ ఊరుకుంటుంది.
పైగా నెలసరిని అటూ ఇటూ జరుపుతుంది,
ఆ జరిగిన నాలుగు రోజుల్లో
సగం ప్రాణం పోతుంది.

మూడు వారాలు ఆగితేగానీ పరీక్ష నిజం చెప్పదు.
పదో రోజునే చేసేసుకుని
నవ్వుకుంటూ వెళ్లి, నెల తిరిగాక
మళ్లీ వచ్చినవాళ్లను చూశాను.
బాజీ రోజూ ఫోన్ చేశాడు.
ఏం చేద్దాం అనలేదు,
నువ్వేం చేద్దామనుకుంటున్నావు అన్నాడు.
ఆ ఒక్క మాటకి సగం కోపం తగ్గించాను.
మిగతా సగం ఉంచాను, అవసరానికి.

ఇరవై రెండో రోజు తెల్లారుజామున
అద్దెగది బాత్రూంలో బకెట్టు బోర్లించి కూర్చున్నాను.
మూడు చుక్కలు. ఐదు నిమిషాలు.

గుంటూరులో లైన్లంటే వీధులు.
మాది బ్రాడీపేట రెండో లైను.
ఎక్కడమ్మా అని ఆటోవాళ్లు అడిగితే
వెయ్యిసార్లు చెప్పి ఉంటాను, రెండో లైను, రెండో లైనని.
ఈ ఒక్క పూటకి
ఒకటో లైన్లోనే దింపెయ్యి తండ్రీ.

దింపాడో, ముందుకు తీసుకెళ్లాడో
మీకు చెప్పను. అది నాది.

షట్టరు ఎత్తగానే ఒకామె వచ్చింది,
చీరల షాపు ఐడీ కార్డు కొంగులో దాచుకుని.
ఎన్ని గంటలైందమ్మా అన్నాను
మామూలు గొంతుతో,
జ్వరం ఎప్పట్నుంచి అని అడిగినట్టు.
పక్కనున్న ముసలాయన తలెత్తి చూశాడు. చూడనీ.
స్టూలు జరిపి కూర్చోబెట్టి
పదిహేడు, పదమూడు, ఐదు, అన్నీ చెప్పాను.
కవరు తీయబోతే
వద్దులే అక్కా అంది.
గుప్పిట్లో పట్టుకుని రోడ్డు దాటింది.